పసుపు దారం

"మనుషులకి తాటాకూ, కోళ్ళకి రేకులా? ఊళ్ళో ఎవరన్నా వింటే నవ్వుతారు," అన్నాడు పోతయ్య మూడోసారి.

"నవ్వనీ. తాటాకు కప్పితే ఏమైందో చూశాంగా!" అంది భార్య వీరమ్మ.

"రేకులే మంచిది మావయ్యా," అంది కోడలు దివ్యశ్రీ, తల ఎత్తకుండా.

పోతయ్య సుత్తి కింద పెట్టి కొడుకు వంక చూశాడు. "ఒరే గోపీ, అత్తాకోడళ్ళు ఒక్క మాట మీదున్నార్రా! రేడియోలో తుపానేమన్నా చెప్పారా?"

గోపి పగలబడి నవ్వాడు. దివ్యశ్రీ నవ్వలేకపోయింది.

పది రోజుల కిందటి గాలివానకి పెరట్లోని పాత కోళ్ళగూడు కూలిపోయింది. ఇప్పుడు కడుతున్నది కొత్తది. నీళ్ళు చేరకుండా తాటిమొద్దుల మీద మోకాలెత్తున లేపారు. రెట్ట కిందికి రాలిపోయేలా అడుగున తాటి బద్దలు సందులిచ్చి పరిచారు. ముందు కోళ్ళు తిరగడానికి జాగా వదిలి, చుట్టూ పాత వల బిగించారు. గాలి కొట్టే తూర్పు వైపు దింపడానికి బరకం పట్టా కూడా సిద్ధంగా ఉంది.

ఇంత హడావుడీ పది కోళ్ళ కోసం కాదు. ఒక్క పుంజు కోసం.

వేసవి తుపానులో గోపి ఎక్కిన బోటు ఆచూకీ రెండు రోజులు తెలియలేదు. వీరమ్మ పెరట్లో తిరిగే ఎర్ర పుంజుని పట్టుకుని, కాలికి పసుపు దారం కట్టి, అమ్మోరికి మొక్కింది. కొడుకు తిరిగొస్తే జాతరకి ఈ పుంజునే ఇస్తానంది. మూడో రోజు గోపి వచ్చాడు. అప్పటినుంచీ ఆ పుంజు ఇంటిది కాదు, అమ్మోరిది. మొక్కిన పుంజుని అమ్మకూడదు, మార్చకూడదు. మారిస్తే ఎవరి కోసం మొక్కారో వాళ్ళకే కీడని ఆ పల్లెలో చిన్నపిల్లలకీ తెలుసు.

దివ్యశ్రీకీ తెలుసు.

గాలివాన వచ్చిన రోజు, "మబ్బు పట్టింది, గూటి కప్పుకి తాడు బిగించవే" అని చెప్పి వీరమ్మ చేపల తట్టతో నాగాయలంక వెళ్ళింది. మగవాళ్ళు రేవులో ఉన్నారు. దివ్యశ్రీ పక్కింట్లో టీవీ ముందు కూర్చుంది. సీరియల్ అయ్యాక బిగిద్దామనుకుంది. అయ్యేలోపే కప్పు కూలింది. పెట్టలు ఎటో దూకి బతికాయి. తడిసిన తాటాకు కింద పుంజు మెడ వాల్చేసి ఉంది.

దాని కాలి దారం మాత్రం నిన్నో మొన్నో కట్టినంత పచ్చగా ఉంది. ఐదు నెలలైనా పసుపు వదల్లేదు. అమ్మోరు తనవైపే చూస్తున్నట్టనిపించింది ఆమెకి.

దారం విప్పి దాచుకుని, పుంజుని మడ చెట్ల కింద పాతిపెట్టింది. కోళ్ళన్నీ చెల్లాచెదురయ్యాయనీ, పుంజు ఎక్కడో దూరి ఉంటుందనీ ఇంట్లో చెప్పింది. మర్నాడు బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళి, అలాంటి ఎర్ర పుంజునే కొనుక్కొచ్చింది. ఆ దారమే దీని కాలికి కట్టింది.

వీరమ్మ కళ్ళు సామాన్యమైనవి కావు. తట్టెడు చేపల్లో ఒక్క నిన్నటి చేప ఉన్నా దూరం నుంచే పట్టేస్తుంది. పుంజుని మాత్రం పట్టలేదు. "దొరికిందా, సరే," అని లోపలికి వెళ్ళిపోయింది. అసలు ఆమె ఆ పుంజు దగ్గరికే పోదు. మేత కూడా కోడలి చేతే వేయిస్తుంది. అమ్మోరి సొత్తంటే అత్తకి ఎంత భయమో అనుకుంది దివ్యశ్రీ. గోపి వేటకి వెళ్తే, బోటు రేవులోకి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేది.

"ఏంటే ఆ దిగులు? సముద్రం నాకేమన్నా కొత్తా?" అనేవాడు గోపి.

చివరికి రేకులే వచ్చాయి. పోతయ్య వాటిని ఇనప తీగతో వాసాలకి కట్టాడు.

"ఇంకో చుట్టు వెయ్యవయ్యా," అంది వీరమ్మ.

"ఆ మూల కూడా మావయ్యా," అంది దివ్యశ్రీ.

"ఇది కోళ్ళగూడా, బోటు లంగరా?" అని విసుక్కుంటూనే పోతయ్య ఇంకో చుట్టు వేశాడు. గోపి రేకుల మీదికి ఇసక మూటలు ఎత్తాడు. దివ్యశ్రీ పుంజుని రెండు చేతులతో పట్టి తెచ్చి లోపల వదిలింది.

మధ్యాహ్నం అందరూ వసారాలో అన్నాలకి కూర్చున్నారు. ఎప్పుడూ లేనిది, కోడల్ని కూడా కూర్చోమని వీరమ్మే వడ్డించింది.

"ఇక జాతర దాకా నీ పుంజుకి ఢోకా లేదమ్మా," అన్నాడు గోపి.

వీరమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఈ పుంజుని అమ్మోరికి ఇవ్వటం లేదు," అంది మెల్లగా. "జాతర దాకా ఆగను. ఈ శుక్రవారమే వేరే పుంజుని తీసుకెళ్ళి, చెంపలేసుకుని, తప్పు చెప్పుకుని ఇస్తాను. అప్పటిదాకా గోపి బోటెక్కడు."

అత్తకి తెలిసిపోయిందనుకుంది దివ్యశ్రీ. ఆమె లేచి వెళ్ళి వీరమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది.

"అత్తా, తప్పంతా..."

"నువ్వుండవే. నన్ను చెప్పనీ," అంది వీరమ్మ. ఆమె కోడలి వైపు చూడలేదు. గూటి వైపూ చూడలేదు.

"నేను మొక్కిన పుంజుని వినాయక చవితి నాడే, గూటి తలుపు వేయడం మరిచిపోయి కుక్కల పాలు చేశాను. మీరెవరూ చూడకుండా ఇంకోదాన్ని కొనుక్కొచ్చి, దాని కాలికి కొత్త దారం కట్టాను."