చిట్టియ్య ఓటు

"మీ నాన్న తలపాగా ఇవ్వనంటే ఇవ్వను," అంది వీరమ్మ, పెట్టె మీద నుంచి లేవకుండానే.

"పోయినసారి ఇచ్చావు కదమ్మా," అన్నాడు కొడుకు సత్తిరాజు. "ముసలయ్యగారు వాకిట్లో నిలబడే ఉన్నారు."

"పోయినసారి తాంబూలం మరకలతో తిరిగొచ్చింది. ఎంత ఉతికినా వదల్లేదు. అయినా, అప్పుడు మీ నాన్న ఓటు ఎవరికి పడిందిరా? అబ్బులు షావుకారికి."

సత్తిరాజు తల దించుకున్నాడు. పేటకంతా ఉన్న ఒక్క మంచినీళ్ల బావినీ షావుకారు కంచె వేసి తన తోటలో కలుపుకున్ననాడు, ఆ కంచెకు అడ్డంగా పడుకున్నది తండ్రి చిట్టియ్య ఒక్కడే. అప్పటినుంచి పేటలో ఆడవాళ్లంతా గట్టు దాటి వెళ్లి బిందెలు మోసుకొస్తున్నారు.

"ఆయన అడ్డం పడ్డ మనిషికే ఆయన చేత ఓటు వేయిస్తారా?"

"గెలిస్తే నాకు రేవులో గుమాస్తా పని ఇస్తానన్నాడమ్మా. ఇల్లు గడవద్దా?"

"మీ నాన్నని అడిగావా?"

"అడిగితే మాత్రం ఏమంటారు? ఏమీ అనరు."

"అనరనేగా మీ అందరి ధైర్యం."

వాకిట్లో ముసలయ్య గొంతు సవరించుకున్నాడు. షావుకారికి ఓట్లు పోగుచేసేది అతనే.

"ఆయన్ని కదిలించక్కర్లేదండి. కచేరీలో పేరు పిలిస్తే మా మనిషి పలుకుతాడు. ఆ తలపాగా ఉంటే ఓట్లు వేయించే దొర మారుమాట అడగడు. గట్టు దాటితే ఇంగ్లీషు వాళ్ల ఊళ్లు, అక్కడ పన్ను కట్టే పెద్దలకే ఓటు. ఇది ఫ్రెంచి వారి యానాం. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే హక్కు. అంత హక్కు వృథా చేసుకుంటారా?"

"నాకుందా బాబూ?"

ముసలయ్య నవ్వాడు. "ఆడవాళ్లకెందుకండి?"

"నోరు మెదపని ఆయనకుంది. రోజూ నీళ్లు మోసే నాకు లేదు. బాగుందయ్యా మీ న్యాయం."

కోడలు సూరమ్మ మామగారి మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "మీ అబ్బాయికి పని దొరికితే మనకే మంచిది కదా అత్తయ్యా," అంది మెల్లగా.

"రేపట్నుంచి నా బిందె కూడా నువ్వే మొయ్యి. అప్పుడు చెప్పు."

సూరమ్మ ఇంకో బట్ట అందుకుని మడతపెట్టసాగింది.

వీరమ్మ లేచి పెట్టె తెరిచింది. తలపాగా తీసి, మరక పడ్డ మడత పైకి తిప్పి చంకలో పెట్టుకుంది. సత్తిరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ముసలయ్య చెయ్యి చాపాడు. ఆవిడ అతన్ని దాటుకుని వీధిలోకి దిగింది.

"ఎక్కడికమ్మా?"

వీరమ్మ ఆగి ఇంటిల్లిపాదినీ ఒకసారి చూసింది. గొంతు పెంచలేదు.

"మీ నాన్న కాలంచేసి నాలుగేళ్లయిందని దొరతో చెప్పొస్తాను."