ఉప్పాడ మైకమ్మ

ఆ ఉదయం ఉప్పాడలో మైకు పలకలేదు.

మైకు పలకలేదంటే సముద్రం బాగుందని అక్కడి లెక్క. పెద్ద అలలు వస్తాయనుకున్న రోజునే సమాచార కేంద్రం మైకులోంచి ఒక ఆడగొంతు హెచ్చరించేది. ఎవరో ఎప్పుడో చదివిన మాటలను ముక్కలు చేసి, కావలసినట్టు అతికించి కంప్యూటరు పలికించే గొంతు అది. ఊరు దానికి మైకమ్మ అని పేరు పెట్టుకుంది.

మైకమ్మ ఊరుకుంటే పడవలు కదులుతాయి.

కేంద్రం చూసుకునే శ్రీకాంత్‌కి చెమటలు పడుతున్నాయి. తెర మీద అలల హెచ్చరిక ఎర్రగా వెలుగుతోంది. మధ్యాహ్నానికి మనిషిని ముంచే అలలట. మైకమ్మ మాత్రం నోరు విప్పడం లేదు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు. నిన్న సాయంత్రం కంప్యూటర్ని నడిపే లైనక్స్ కొత్తది ఎక్కించాడు. దాంతోపాటు ప్రోగ్రాములు రాసే భాష పైథాన్ కూడా కొత్తది వచ్చి కూర్చుంది. మైకమ్మని పలికించే ప్రోగ్రాముల ప్యాకేజీ పాత పైథాన్‌లో రాసింది. ఎక్కించిన సంబరంలో ఒక్కసారి పలికించి చూసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

ప్యాకేజీ రాసిన రాజమండ్రి మాస్టారు జగపతిరాజు గారికి ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు.

ఇంతలో గుమ్మంలో ఎవరో వెలుతురుకి అడ్డం నిలబడ్డారు. నడివయసావిడ. చేతిలో సంచి, మెడ చుట్టూ కొంగు. ఊళ్ళో ఎప్పుడూ చూసిన మనిషి కాదు.

"ఏం కావాలండి?"

ఆవిడ మైకు వైపు చూపించి, చెవి దగ్గర చెయ్యి పెట్టింది.

"ఇవాళ పలకదండి. కాస్త పక్కకి జరగండి, పనిలో ఉన్నాను."

ఆవిడ జరగలేదు. మళ్ళీ మైకునే చూపించింది.

"చెబితే అర్థం కాదాండీ? సరదాగా వినడానికి ఇదేమైనా రేడియోనా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. పక్కకి జరిగింది.

వేటకెళ్ళే అమ్మిరాజు భార్య మరిడమ్మ వగరుస్తూ వచ్చింది.

"బాబూ, మైకమ్మ ఏం సెప్పలేదు గదా? మావోళ్ళు పడవ దింపేత్తన్నారు!"

"అయ్యో, ఆపండి! పెద్ద అలలొస్తాయి!"

"నా మాట ఇనరు బాబూ. ఆ మైకులో నువ్వే సెప్పు."

శ్రీకాంత్ మైకు అందుకున్నాడు. "ఎవరూ వేటకి వెళ్ళొద్దు! సముద్రం బాగోలేదు!"

ఒడ్డున నవ్వులు వినిపించాయి. కిందటి వారమే ఎవరో ఆకతాయిలు మైకులో ఇలాగే అరిచి ఊరంతటినీ పరుగులు పెట్టించారు. అప్పటినుంచి మైకులో మగగొంతు వినబడితే వేళాకోళమే.

"మైకమ్మ సెప్పాల గానీ, ఈళ్ళెవరండీ సెప్పడానికి!" అంటూ అమ్మిరాజు పడవకి భుజం ఆనించాడు.

ఆ కొత్తావిడ సంచి గుమ్మంలో పడేసి ఒడ్డుకి పరిగెత్తింది. పడవకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఊపింది. నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు.

"ఎవరో మూగమ్మ, పాపం. పక్కకి రామ్మా, పడవ మీద పడుద్ది." అమ్మిరాజు ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా తప్పించాడు.

ఆవిడ మళ్ళీ వచ్చి పడవకి అడ్డం నిలబడింది.

లోపల శ్రీకాంత్ తెర మీది తప్పును వెతికి పట్టుకున్నాడు. పాత పైథాన్‌లో ఎవరైనా పేరుగా వాడుకోగలిగిన ఒక చిన్న మాటను కొత్త పైథాన్ తన సొంతానికి అట్టిపెట్టుకుంది. బస్సులో కర్చీఫ్ వేసిన సీటన్నమాట. మన ప్యాకేజీ తెలియక వెళ్ళి అందులోనే కూర్చోబోతోంది.

ఆ పేరు మార్చాడు. ఇంకో చోట ఆగింది. అక్కడా మార్చాడు. దేవుణ్ణి తలుచుకుని నడిపించాడు.

మైకు గరగరమంది.

"సముద్రం బాగోలేదు నాయనా. ఇవాళ వేటకి వెళ్ళకండి. ఇళ్ళకి వెళ్ళి అన్నాలు తినండి."

అమ్మిరాజు భుజం తీసేశాడు. "అద్గదీ! ఇప్పుడు సెప్పింది తల్లి."

పడవలన్నీ వెనక్కి లాగారు. మరిడమ్మ మైకు కట్టిన స్తంభానికి దండం పెట్టుకుంది. ఆమె పక్కనే నిలబడి, కళ్ళు మూసుకుని వింటున్న కొత్తావిడని ఎవరూ పట్టించుకోలేదు.

శ్రీకాంత్ బయటికొచ్చేసరికి ఆవిడ సంచి తీసుకుని కాకినాడ బస్సెక్కుతోంది. విసుక్కున్నందుకు ఒక మాట చెబుదామనుకున్నాడు. బస్సు కదిలిపోయింది.

మధ్యాహ్నం సముద్రం రోడ్డు మీదికి వచ్చింది. లాగి పెట్టిన పడవల కింద తిరిగి, చేసేదేమీ లేక వెనక్కి పోయింది. నీళ్ళ మీద ఒక్క మనిషి లేడు. శ్రీకాంత్‌కి ప్రాణం లేచొచ్చింది. పొద్దుటినుంచి మరిచిపోయిన టీ అప్పుడు తాగాడు.

ఫోన్ మోగింది. జగపతిరాజు గారు.

"క్లాసులో ఉన్నానండి, ఇప్పుడే చూశాను. ఏంటి సంగతి?"

శ్రీకాంత్ జరిగింది చెప్పాడు.

"మంచి పని చేశారండి! మీరు చేసిన మార్పులు నాకు పంపండి. ప్యాకేజీలో కలిపేస్తాను. మిగతా ఊళ్ళ వాళ్ళకి మీ అవస్థ రాకుండా ఉంటుంది."

"తప్పకుండా అండి. ఇంతకీ ఆ గొంతు ఎవరిదండీ? ఇక్కడ దండాలు పెడుతున్నారు."



"మా ఆవిడ సూర్యావతిదండి. గొంతుకి ఆపరేషన్ చేశాక మాట పోయింది. ఇంట్లో ఆ పాత గొంతు వినిపిస్తే వద్దంటుంది. పనిచేసే చోట ఒక్కసారి వినాలని, ఇవాళ హెచ్చరిక ఉందని నా కంప్యూటర్లో చూసి, తెల్లారగట్ల మీ ఊరి బస్సెక్కింది... కనబడిందాండీ?"