చెప్పుల్లేక పోతివయ్యా

కన్నమ్మాళ్ ఏడిస్తే వాడిపట్టి ఊళ్లో రాళ్లు కూడా ఏడుస్తాయని పేరు. ఎవరింట చావు జరిగినా ఒప్పారి, అదే చావు ఏడుపుల పాట, పాడడానికి ఆమెకే కబురు. శవం పక్కన కూర్చుని ఆమె గొంతెత్తిందంటే, పోయినవాడి దాయాదులు కూడా కండువాలు కళ్లకద్దుకునేవారు.

ఆమెకొక నియమం ఉంది. శవం లేని ఇంట్లో నోరు విప్పదు. విప్పితే ఆ ఇంటికి చావును పిలిచినట్టేనట. ఈ దేశపు ఆచారాల మీద పుస్తకం రాస్తానని ఒక కుంపిణీ దొర గొడుగు పట్టించుకుని వచ్చి, ఒక్క పాట పాడమన్నాడు.

“శవం యాడ దొరా?” అంది.

దొర తన దుబాసీ వంక చూశాడు. దుబాసీ ఆ పూటే ఊరు విడిచాడు.

అలాంటి కన్నమ్మాళ్‌కి ఒక ఉదయం, జమీందారు కొలువులో కవి వెంకటరామ పోయాడని కబురొచ్చింది. జుట్టు విరబోసుకుంటూనే పరుగెత్తింది.

ఇంట్లో జనం లేరు. కవి భార్య ధనమ్మాళ్ ఆమెను లోపలికి లాగి వీధి తలుపు మూసింది. నట్టింట్లో చాప మీద, తల నుంచి కాళ్ల దాకా దుప్పటి. తలాపున దీపం.

“మొగం చూడొద్దు, నోరు తెరుచుకోనుండాది. చుట్టాలంతా కంబం నుంచి రావాల. నువ్వు కానీ.”

“పావం! ఎట్లా పాయె తాయీ?”

“రాస్తా రాస్తా పాయె. కావ్యం సగంలో నిలిచిపాయె. అమాసకి జమీందారు ముందర చదవాల్సింది” అంది ధనమ్మాళ్. కంట్లో చుక్క నీరు లేదు.

కన్నమ్మాళ్ ఆ పొడికళ్లలోకి తేరిపార చూసింది. ఇల్లాలే ఏడవకపోతే ఒప్పారి పాడినదాని పరువేం కాను? ఈ మాట బయట పొక్కిందంటే రేపటి నుంచి ఊళ్లో చావులన్నీ ముత్తమ్మాళ్‌వే. అవతలి వీధిలో ఆ మహాతల్లి ఎప్పటి నుంచో గొంతు సవరించుకుని కూర్చుంది.

రొమ్ము చరుచుకుని ఎత్తుకుంది.

“ఏనుగెక్కి వస్తివయ్యా, నలుగురెత్త పోతివయ్యా!”

వెంకటరామ జన్మలో ఏనుగెక్కలేదు. ఒప్పారిలో అందరూ ఎక్కుతారు.

“ఒగ తూరి మెల్లగా చెప్పు” అంది ధనమ్మాళ్.

ఇదేం చోద్యం! ఏడుపేమన్నా వీధిబడి పాఠమా? అయినా మెల్లగానే పాడింది. ఎక్కడో గరగరమని గీకుతున్న చప్పుడు.

“ఏంది తాయీ అది?”

“ఎలుక.”

ఇంకో పాట అందుకుంది. ధనమ్మాళ్ ఆవులించి, మూల నుంచి మురుకుల పళ్లెం ఒళ్లోకి లాక్కుంది. చావింట్లో మురుకులు! కన్నమ్మాళ్‌కి ఒళ్లు మండిపోయింది. ఎందరినో ఏడిపించింది గానీ, ఇంతటి రాతిగుండెను ఎక్కడా చూడలేదు.

ఇక మిగిలింది ఒక్కటే పాట. తన మొగుడు పోయిన నాడు తానే అల్లుకున్నది. ఎవరి శవం మీదా పాడలేదు. పాడాలంటే భయం. పేరు పోతుంటే భయపడి ఏం లాభం? కళ్లు మూసుకుని గొంతు విప్పింది.

“వండిన కూడు ఆరిపాయె, వాకిట నీ చెప్పులుండె,
ముళ్లదోవ పోతివయ్యా, చెప్పుల్లేక పోతివయ్యా!”

ఆమె కళ్లు ధారలు కట్టాయి. చివరికి తుడుచుకుని చూస్తే, ధనమ్మాళ్ ఇంకో మురుకు విరుస్తోంది. అయిపోయింది, నా పేరు మట్టిలో కలిసింది అనుకుంది కన్నమ్మాళ్.

అంతలో దుప్పటి కింద భోరుమని ఏడుపు లేచి, ఒక చేత తాటాకు, ఒక చేత గంటం పట్టుకుని వెంకటరామ లేచి కూర్చుని, ముక్కు చీదుకుంటూ, “ఆ చెప్పుల ముక్క ఒగ తూరి మెల్లగా చెప్పు కన్నమ్మా, అమాస లోపల నా కావ్యంలో రాణి ఏడవాల!” అన్నాడు.