మీసం ఆరేదాకా

పది దాటి పావుగంటయింది. నలభైమంది పిల్లలు పలకలు పట్టుకుని బెంచీల మీద కూర్చున్నారు గానీ మాస్టారి జాడ లేదు. క్యూరేటరమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఊరి చరిత్ర మ్యూజియంలో సెలవుల కార్యక్రమం 'నూరేళ్ళ కిందటి బడి' ఆ రోజే మొదలు. మాస్టారి వేషానికి నాటక సమాజం వాళ్ళు ఒకాయన్ని పంపుతామన్నారు. కార్యక్రమం ఎలా ఉందో చూడటానికి పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి కూడా వస్తున్నాడు. ఆయనకి నచ్చకపోతే మ్యూజియానికి తాళమే. ఈ ఇద్దరి మొహాలూ ఆమె ఎరగదు.

అంతలో వెనక గుమ్మంలో ఒకాయన కనిపించాడు, చంకలో ఫైలు సంచి. "పదింటికి రమ్మంటే ఇదా రావడం?" అంటూ ఆమె ఆయన రెక్క పుచ్చుకుని లోపలికి లాగింది. పొడుగు కోటు తొడిగింది, టోపీ పెట్టింది, మీసం అంటించింది.

"అది కాదమ్మా, నేను..."

"నోరు మెదపకండి. జిగురు ఆరడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోగా మాట్లాడితే మీసం ఊడిపోతుంది."

పాపం, ఆయన నోరు మూసుకున్నాడు. జిగురు ఆరేసరికి చేతిలో బెత్తం ఉంది. ఎదురుగా నలభైమందీ లేచి నిలబడి "నమస్కారం మాస్టారూ" అన్నారు. అంత మర్యాద జన్మలో చూడలేదేమో, ఆయన మొహం వెలిగిపోయింది.

అప్పుడే ముందు గేటులోంచి ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన రొప్పుతూ వచ్చి, ఆలస్యమైంది, మన్నించమన్నాడు. అంత పెద్ద అధికారికి ఎంత వినయం అని క్యూరేటరమ్మ పొంగిపోయింది. ఇంకో మాట మాట్లాడనివ్వకుండా ముందు బెంచీలో కూర్చోబెట్టి చేతికి టీ ఇచ్చింది.

మాస్టారు బెత్తంతో బల్ల మీద ఒక్కటి కొట్టాడు. "ఆలస్యంగా రావడం, పైగా క్లాసులో టీ తాగడమా? బెంచీ ఎక్కు."

క్యూరేటరమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. వద్దు వద్దని గుమ్మంలోంచి రెండు చేతులూ ఊపింది. మాస్టారు అటు చూడనే లేదు. పెద్దమనిషి బుద్ధిగా బెంచీ ఎక్కి, పదమూడో ఎక్కం చెప్పమంటే ఏడు దగ్గర తడబడ్డాడు. పిల్లలు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. దాంతో మాస్టారికి ఊపొచ్చింది. అల్లరి చేసిన ఇద్దరిని గోడకుర్చీ వేయమన్నాడు. అదేమిటో తెలీదంటే, కోటు పైకి ఎత్తిపట్టుకుని తానే వేసి చూపించాడు. గంట కొట్టినా వదల్లేదు. పద్నాలుగో ఎక్కం రేపటికి కంఠతా రావాలని చెప్పి మరీ పంపాడు.

పిల్లలు వెళ్ళగానే క్యూరేటరమ్మ బెంచీ దగ్గరికి పరుగెత్తింది. "క్షమించండి సార్. ఆ మాస్టార్ని ఇప్పుడే పంపించేస్తాను. మ్యూజియం మాత్రం మూయించకండి."

"నేను మూయించడమేమిటమ్మా?" అన్నాడాయన దిగుతూ. "నాటక సమాజం వాళ్ళు మాస్టారి వేషానికి పంపింది నన్నే. వచ్చేసరికి మాస్టారు ఉన్నాడు కదా, మొద్దబ్బాయి వేషం నాకిచ్చారనుకున్నాను."

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. మాస్టారు అద్దంలో చూసుకుంటూ, సగం ఊడిన మీసాన్ని వేలితో నొక్కుకుంటున్నాడు.

"మ్యూజియం మూసెయ్యమన్న ఆర్డరు మీద సంతకం పెడదామనే వచ్చాను గానీ, ఇప్పుడెలా పెడతానమ్మా?" అన్నాడాయన ఫైలు సంచి చంకన పెట్టుకుంటూ. "రేపు పిల్లలు నాకు పద్నాలుగో ఎక్కం అప్పజెప్పాలి."