శనివారం అకరా

అక్కా, ఈ విసుగు ఎవరితోనూ చెప్పుకోలేక నీకీ కార్డు రాస్తున్నాను.

ఇక్కడ కాపెల్ ఊళ్లో మా పక్కింటి నైజీరియా ఆవిడ ఫుంకే శనివారం పొద్దున అలసందలు రుబ్బి ‘అకరా’ వేస్తుంది. మన గారెల్లాగే, పైన కరకర, లోపల దూది. మా అమ్మాయి మృదుల వేడివేడిగా తెచ్చి నా ముందు పెడుతుంది.

“ఒక్కటి ట్రై చెయ్యమ్మా.”

“శనివారం ఉల్లి ముట్టనని తెలీదూ? ఏడుకొండలవాడి వారం!”

అది ఏదో చెప్పబోతుంది. నేను పూజగదిలోకి వెళ్లిపోతాను.

ఇవాళ ఓపిక నశించి, పళ్లెం తీసుకెళ్లి ఫుంకేకే తిరిగిచ్చాను.

ఆవిడ తెల్లబోయింది. “మా పిల్లలు గొడవపెట్టినా ఉల్లి మానేశాను, మీ అమ్మాయి బతిమాలిందని. అమ్మతో కలిసి తినాలంది.”

పళ్లెం మళ్లీ తెచ్చి మృదుల తలుపు తట్టాను.

“నాకు ఆకలి లేదు” అంది.

ఈ కార్డు దాచుకో అక్కా, ఎవరికీ చూపించకు.