వెనక బెంచీలో కొత్త మనిషి

టీ తాగి అందరూ క్లాసులోకి వచ్చేసరికి లాయరు పర్సు కనబడలేదు.

మోసాల మీద దర్యాప్తు చేసేవాళ్లకు సర్టిఫికెట్టు ఇచ్చే కోర్సులో అది ఆఖరి రోజు. లాయరుతో సహా అందరూ పరీక్ష గట్టెక్కారు. సాయంత్రం సర్టిఫికెట్లు ఇస్తారు.

వెనక బెంచీలో ఎవరో పెద్దాయన. వెలిసిన చొక్కా. పొద్దున్నుంచీ చేతులు కట్టుకుని పాఠం వింటున్నాడు.

"మీరెవరు?" అడిగాడు లాయరు.

"వినడానికొచ్చాను బాబూ. ప్రిన్సిపాలుగారే కూర్చోమన్నారు."

"ఆయన బయటికెళ్లారని తెలిసే చెబుతున్నట్టున్నారు. మేమంతా టీకెళితే గదిలో ఉన్నది మీరొక్కరేగా?"

"అవును."

"చూశారా, తడబాటే లేదు. బాగా చెయ్యి తిరిగినవాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"తడబడితే దొంగ, తడబడకపోతే గజదొంగా?" బ్యాంకులో పనిచేసే అక్క లేచింది. "ఇన్నాళ్లూ మనం చదివిందేమిటి? ఆధారమేది?"

ఆమె ప్రిన్సిపాలుకు ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు.

పెద్దాయన తనే లేచి జేబులు తిరగేసి చూపించాడు. కళ్లజోడు, దువ్వెన, సగం వాడిన మాత్రల అట్ట.

"అయితే ఈపాటికి ఎవరికో అందించేసుంటాడు," అన్నాడు లాయరు.

"అంటే ఏం చూపించినా ఆయన దొంగేనా? సిగ్గుండాలి మనకి." అంది అక్క.

లాయరు వాచ్‌మన్‌ని కేకేశాడు.

వాచ్‌మన్ వచ్చి పెద్దాయన భుజం పట్టుకున్నాడు.

"వదిలెయ్ నాయనా, నేనే వెళతాను." గుమ్మం దగ్గర ఆగి ఆయన లాయరు వంక చూశాడు. "ఇలాగే మొదలవుతుంది బాబూ. అనుమానం వచ్చాక ఇంకేం చెప్పినా చెవికెక్కదు."

సాయంత్రం పర్సు లాయరు స్కూటర్ డిక్కీలోనే దొరికింది.

"పోనీలే అక్కా, దొరికిందిగా."

"నీ పర్సు దొరికింది. ఆయన మర్యాదని ఏ డిక్కీలో వెతకమంటావు?"

ఇంతలో ప్రిన్సిపాలు హడావుడిగా వచ్చి వెనక బెంచీ వైపు చూశాడు.

"ఆయనేరి? ఇవాళ మీకు సర్టిఫికెట్లు ఇవ్వాల్సింది ఆయనే."

"ఎవరు సార్ ఆయన?" అక్క అడిగింది.

"ఎవడో తెలిసీ తెలియని దర్యాప్తు చేస్తే, చేయని మోసానికి ఏళ్లకేళ్లు జైల్లో మగ్గినాయన. బయటికొచ్చాక, ఆ గతి మరొకరికి పట్టకూడదని చెప్పులరిగేలా తిరిగి ఈ కోర్సు పెట్టించింది ఆయనే."