గట్టి కోడలు

బీపీ పెరిగిన గర్భిణుల రక్తంలో వాపును చూపే సీఆర్పీ ఎంత ఉంటుందో ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారట. పోల్చుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న గర్భిణి రక్తమూ కావాలని నర్సు ఫోన్ చేసింది.

ఫోన్ ఎత్తిన సోనారి అమ్మణ్ణి పొంగిపోయి, ఎనిమిదో నెల కోడలు గీతాంజలిని వెంటనే ఆటో ఎక్కించింది.

“మా కోడలు గుండ్రాయిలాగుందమ్మా! రక్తంలో వాపేటి, ఉన్నదంతా కాళ్లకే. అది అందరికీ ఉన్నదే.”

నర్సు బీపీ చూసింది. మళ్లీ చూసింది. నూట డెబ్బై! గీతాంజలిని మంచం మీద పడుకోబెట్టి డాక్టర్ని కేకేసింది.

“ఓలమ్మో! ఇంత ఊర్లో మా పిల్లనే ఎలాగ పిలిచినారు తల్లీ?” అమ్మణ్ణి నర్సు చేతులు పట్టుకుంది.

అత్త మందులకి వెళ్లాక గీతాంజలి నర్సుతో మెల్లగా అంది: “ముందే నేను ఫోన్ చేసి చెప్పాను కదా దీదీ, జబ్బంటే కదలదు మా అత్త. గొప్పంటే ఆటో ఎక్కేస్తాది.”